చుక్కల చీర గుడ్డ

పుత్తూరు,
4 నవంబరు 2025

తమ్ముడు ఏబెల్‌కు అక్క కృపామణి దీవెనలు.

నీ మోకాలు ఎలా ఉంది? పోయినసారి పంపిన నూనె రాసుకుని గుడ్డ చుట్టుకోమన్నాను. చుట్టుకుని ఉండవు. పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అక్క ఆ కట్లు కట్టే వైద్యశాలలోనే పనిచేస్తున్నా తమ్ముడికి మాత్రం మాత్రలే కావాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

సంగతి ఏమంటే, మన దయానంద్ శనివారం నుంచి ఇంటికి రాలేదు. అల్లుడి తీరు నీకు తెలుసు, అలిగితే చంటిబిడ్డ కన్నా కష్టం. శుక్రవారం ఎక్కడి నుంచో కుక్కపిల్లను తెచ్చాడట. "ఈ ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అన్నదట గ్రేసీ. పొద్దున మాట్లాడకుండా పాలవ్యాను తీసుకుని పలమనేరు నుంచి తిరుపతికి బయలుదేరాడు. అంతే. ఫోను మోగదు. మొదట కుప్పంలో వాళ్ల అక్క ఇంట్లో కూర్చుని ఉంటాడనుకున్నాం. అక్కడికీ పోలేదు.

నాకు భయం పుట్టించేది ఇది. వ్యాను మీ తిరుపతి దగ్గర, కొండ కింది రోడ్డు పక్కన దొరికింది. తాళం దానికే ఉంది. డబ్బాల్లో పాలు విరిగిపోయి ఉన్నాయి. డెయిరీ వాళ్లు వచ్చి తోలుకుపోయారు. దయానంద్ అలుగుతాడు గానీ పాలు విరగనిచ్చే మనిషి కాదు.

గ్రేసీ పలమనేరులో ఫిర్యాదు ఇవ్వబోతే "మొగుడూ పెండ్లాల తగాదా, నాలుగు దినాలు సూడమ్మా" అని పంపించేశారు. నా బిడ్డ కుక్కపిల్లను సంచిలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చేసింది. దానికి పాలు పోస్తూ ఏడుస్తోంది.

ఇంట్లో పోలీసు తమ్ముణ్ణి పెట్టుకుని నేను ఊరంతా తిరగడం ఏమిటి? నువ్వు కనుక్కో. స్టేషన్ గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ చెబుతావే, "రెండు మాటలడిగి పంపిచ్చేస్తాం, బువ్వ టయానికి ఇంటికొస్తాడు" అని. ఈసారి ఆ మాట నాకు చెప్పు. వినబడని చెవులతో ఫోను పట్టుకుని ఏం చేయను, ఉత్తరమే రాయి.

మరదలికి నా ప్రేమ చెప్పు.

నీ అక్క,
కృపామణి

*

తిరుపతి,
6 నవంబరు 2025

అక్కకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వు కంగారుపడి మనిషిని కంగారుపెడతావు. మోకాలు బాగానే ఉంది. నూనె రాసుకుంటున్నాను, గుడ్డ కూడా చుట్టుకుంటున్నాను, మీ మరదలిని సాక్ష్యం పిలవమంటావా?

దయానంద్ గురించి అడిగాను. అడుగుతూనే ఉన్నాను. మగవాడు అలిగితే ఎక్కడో తల దాచుకుంటాడు. ఫిర్యాదు మాత్రం ఇప్పుడే ఇవ్వనివ్వొద్దు. కాగితం మీదికి ఎక్కితే రేపు అతను తిరిగొచ్చాక అతనికే నామర్దా. పాస్టరుగారితో గానీ డెయిరీ వాళ్లతో గానీ వ్యాను మాట ఎత్తొద్దు. వకీళ్ల దగ్గరికి అసలే పోవద్దు, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇక్కడ వాన ఒకటే పోత. క్వార్టర్సులో వంటింటి గోడ చెమర్చి సున్నం పొట్టు పొట్టుగా రాలుతోంది. నాకు స్టేషనులో కాకుండా బయట కాపలా వేశారు. మూసేసిన కల్యాణమండపం ఒకటి ఉంది, దాని దగ్గర. పగలూ రాత్రీ తెలియకుండా ఉంది. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి, తిట్టుకోకు.

గ్రేసీని అన్నం తినమను. మేనమామ చెప్పాడని చెప్పు. బువ్వ టయానికి కాకపోయినా వస్తాడు.

నీ తమ్ముడు,
ఏబెల్

*

తిరుపతి,
8 నవంబరు 2025

అక్కకు,

ఈ ఉత్తరం తెచ్చిన మునివెంకటప్ప మా హోంగార్డు, మంచివాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, అడిగిన వస్తువులు అతని చేతికే ఇచ్చి పంపు.

మా కానిస్టేబులు ఒకతను స్నానాల గదిలో జారిపడ్డాడు. ఎడమ చెయ్యి, మణికట్టుకు బెత్తెడు పైన విరిగినట్టుంది. వాచి నల్లబడింది, వేళ్లు కదిలిస్తున్నాడు. డ్యూటీ ఒత్తిడి వల్ల పుత్తూరు రాలేడు. పసరు, వెదురు బద్దలు, గుడ్డ పంపు. ఎలా కట్టాలో రాయి. చిన్నప్పుడు మన మేకపిల్లకు నువ్వు కాలు కట్టినప్పుడు పట్టుకున్నది నేనే కదా, నా చేతికి వస్తుంది.

దయానంద్ సంగతి ఇంకా ఏమీ తెలియలేదు.

ఏబెల్

*

పుత్తూరు,
8 నవంబరు 2025

తమ్ముడు ఏబెల్‌కు,

మునివెంకటప్ప అరుగు మీద కూర్చుని తొందరపెడుతున్నాడు, కాఫీ కూడా సగం వదిలేశాడు. అంత తొందర ఉన్నవాడు ఆ మనిషినే బస్సెక్కించి తీసుకురావచ్చు కదా? ఎముక విరిగినవాడికి సెలవు ఇవ్వని ఉద్యోగం ఏం ఉద్యోగం? మీ పెద్దసార్లకు చేతులు లేవా?

సరే. పసరు సీసాలో పోశాను. కోడిగుడ్ల తెల్లసొన అక్కడే తీసుకో, పచ్చసొన కలవకూడదు. ముందు చెయ్యి మెల్లగా నిమిరి సాపు చెయ్యి, లాగొద్దు. పసరులో తడిపిన గుడ్డ చుట్టి, మీద తెల్లసొన పూసి, బద్దలు నాలుగు దిక్కులా పెట్టి మళ్లీ గుడ్డ. ముడి బొటనవేలి దిక్కుకు రావాలి. అది నా ముడి, నీకు తెలుసు. వేళ్లు చల్లబడితే వెంటనే వదులు చెయ్యి.

గుడ్డ మాత్రం నాదే. వైద్యశాల గుడ్డ పెద్దాయన్ను అడగకుండా బయటికి పంపలేను, ఆయన చిత్తూరు పోయారు. అందుకని నా చుక్కల చీర చించాను. తెలుసు కదా, తెలుపు మీద ఊదా చుక్కలు, పెళ్లయిన మొదటి క్రిస్మసుకు దయానంద్ కొనిచ్చింది. ఆరు క్రిస్మసులు కట్టాను, మెత్తబడిపోయింది. కట్టుకు మెత్తటి పాత నూలే మంచిది. చించుతుంటే గ్రేసీ నా చెయ్యి పట్టుకుని "అది వద్దమ్మా" అన్నది. ఎవరో బిడ్డ చెయ్యి నొప్పిపెడుతుంటే చీర చూసుకుంటామా అన్నాను. మనం ఒకరి బిడ్డను చూస్తే మన బిడ్డను ఇంకొకరు చూస్తారు, నా లెక్క అది.

నువ్వు చెప్పినట్టే ఫిర్యాదు ఇవ్వనివ్వలేదు. గ్రేసీకి నా మీద కోపం. "మామ పోలీసు, ఆయనకు తెలీదా" అని నోరు మూయించాను.

ఆ కానిస్టేబులు పేరు రాయలేదు. రాసి పంపు, ఆదివారం ప్రార్థనలో చెబుతాను. పేరు లేకుండా ప్రార్థన చేస్తే నాకు తృప్తిగా ఉండదు.

కృపామణి

*

తిరుపతి,
10 నవంబరు 2025

అక్కకు,

కట్టు బాగా కుదిరింది. నువ్వు చెప్పినట్టే ముడి వేశాను. రాత్రికి వాపు కొంచెం తగ్గింది, వేళ్లు వెచ్చగానే ఉన్నాయి. కడుతుంటే ఏడ్చాడు. నొప్పికే అయి ఉంటుంది.

పేరు అడిగావు, చక్రధర్.

నువ్వు కష్టపడి చీర చించి ఉండాల్సింది కాదు. ఏదో ఒక తువ్వాలు సరిపోయేది. దయానంద్ గురించి ఎక్కువ ఆలోచించకు. ఈ వారంలో ఏదో ఒకటి తేలుతుందని నాకు అనిపిస్తోంది. ఏం తేలినా నువ్వు కోర్టులకూ స్టేషన్లకూ రావద్దు, వినబడని మనిషివి, ఆ తోపులాటలో పడతావు. నేనున్నాను.

ఏబెల్

*

పుత్తూరు,
13 నవంబరు 2025

ఏబెల్,

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం గ్రేసీకి ఫోను వచ్చింది. "మీ ఆయన్ను అరెస్టు చేసినాం, కోర్టుకు రాండి" అన్నారు. ఏ మాట ముందు నమ్మాలో తెలియలేదు. బతికి ఉన్నాడని సంతోషించాలా, అరెస్టు అన్నందుకు ఏడవాలా? ఇద్దరం తిరుపతి బస్సెక్కాం. నువ్వు రావద్దన్నావు, వచ్చాను.

కోర్టు వరండాలో ఇద్దరు పోలీసుల మధ్య నిలబెట్టి ఉన్నారు. గడ్డం పెరిగింది. చెంపలు లోపలికి పోయాయి. ఎడమ భుజం మీద నుంచి తువ్వాలు కప్పి ఉంది. గ్రేసీ "ఏమండీ" అని పరుగెత్తింది. ఆయన తిరిగేసరికి తువ్వాలు జారింది.

ఊదా చుక్కలు. నా చీర. బొటనవేలి దిక్కున నా ముడి.

గోడ పట్టుకున్నాను. మొదట ఏమనుకున్నానో తెలుసా? ఆ చక్రధర్ అనే పుణ్యాత్ముడు తన కట్టు విప్పి మన అల్లుడికి ఇచ్చాడనుకున్నాను. చూడు, నీ మాట అబద్ధమని అనుకోవడం కన్నా అదే సుళువుగా తోచింది నాకు. తర్వాత దయానంద్ కళ్లు చూశాను.

పెదాలు చూసి మాట పట్టుకోవడం నాకు అలవాటే కదా. అయినా ఆ మాట తప్పు చదివానేమోనని గ్రేసీ వైపు చూశాను. గ్రేసీ ముఖం చూస్తే తప్పు చదవలేదని తెలిసింది. దయానంద్ అన్నది ఇది. "అత్తా, నీకు తెలిసి కూడా రాలేదే. గుడ్డ మటుకు పంపిచ్చినావు."

నాకు తెలియదు నాయనా అని అరిచాను. నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు, అందరూ తిరిగి చూశారు. అప్పటికే లోపలికి లాక్కుపోయారు.

లోపల జడ్జిగారు చెయ్యి ఎలా విరిగిందని అడిగారట. ఈయన తలొంచుకుని "జారి పడినాను సార్" అన్నాడట. పోలీసులు కొట్టారా అంటే లేదన్నాడట. పన్నెండో తేదీ తెల్లవారుజామున కొండ కింద ఎర్రచందనం దుంగలతో పట్టుకున్నామని పోలీసుల మాట. రిమాండుకు పంపారు.

పన్నెండో తేదీన దొరికిన మనిషికి ఎనిమిదో తేదీన నేను గుడ్డ చించాను, ఏబెల్.

మంగళవారం నీ ఉత్తరం అందాక, రాత్రి చర్చి కూడికలో నేను రెండు పేర్లు చెప్పాను. తప్పిపోయిన దయానంద్ క్షేమంగా రావాలని ఒకటి, చెయ్యి విరిగిన చక్రధర్ కోలుకోవాలని ఒకటి. జనమంతా రెండుసార్లు ఆమెన్ అన్నారు. ఒకే మనిషికి రెండు పేర్లు పెట్టి నాతో దేవుడి ముందు అబద్ధం చెప్పించావు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన ప్రభువు సంగతి నాకు తెలియదు.

నేను చదివింది తప్పయితే, నేను చూసింది తప్పయితే రాయి. తప్పు కావాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

కృపామణి

*

తిరుపతి,
16 నవంబరు 2025

అక్కా,

నువ్వు చూసింది తప్పు కాదు.

ఇప్పుడు నేను రాసేది చదివి ఏమైనా అనుకో. ఒకటో తేదీన ఎర్రచందనం దుంగలు తెల్ల వ్యానులో పోయాయని మావాళ్లకు కబురు వచ్చింది. ఆ రోడ్డున వచ్చిన తెల్ల వ్యాన్లన్నీ ఆపారు. మిగతావాళ్లు తెలిసినవాళ్ల పేర్లు చెప్పుకుని వెళ్లిపోయారు. దయానంద్ నా పేరు చెప్పి ఉంటే ఆ క్షణమే వదిలేసేవాళ్లేమో. చెప్పలేదు. పెళ్లాంతో పోట్లాడి వచ్చిన కోపంలో ఎస్సైతో వాదం పెట్టుకున్నాడు. "పాలు ఇరిగిపోతాయి, తొందరగా సూసుకోండి" అన్నాడట. దానికే దవడ పగలగొట్టారు.

స్టేషనులో ఉంచితే లెక్కలో చూపాలి. చూపితే ఇరవైనాలుగు గంటల్లో జడ్జి ముందు పెట్టాలి. అందుకని ఇలాంటివాళ్లను కల్యాణమండపం వంటగదిలో ఉంచుతారు. నన్ను కాపలాకు పంపారు. తలుపు తీసేసరికి మన గ్రేసీ మొగుడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. "మామా" అన్నాడు. నేను వెనక్కి చూశాను, ఎవరైనా విన్నారేమోనని. అక్కా, ఆ చూపు నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

చుట్టమని తెలిస్తే నన్ను అక్కడి నుంచి తీసేసి ఇంకొకర్ని వేస్తారు. ఆ ఇంకొకరు ఎలాంటివాళ్లో నాకు తెలుసు. నేను ఉంటే వేళకు అన్నం పెట్టగలను, రాత్రి దుప్పటి ఇవ్వగలను, అనుకున్నాను. చెయ్యి విరిగిన రోజు నేను అక్కడ లేను, బియ్యం తెమ్మని పంపారు. కావాలనే పంపారని ఇప్పుడు అనిపిస్తోంది. నేను అతని మీద చెయ్యి వేయలేదు. కానీ ఆ తలుపు గడియ తీసిందీ వేసిందీ నేనే.

ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ఎప్పుడు విరిగింది, ఎలా విరిగింది అని రాస్తాడు. కట్టు అయితే ఎవరూ అడగరు. మావాళ్లకు అది పాత అలవాటే. అందుకే నీకు రాశాను. నువ్వు చీర చించి పంపుతావని కల కన్నానా? మూట విప్పితే ఆ చుక్కలు. వేరే గుడ్డ తెచ్చే వ్యవధి లేదు. అతను గుర్తుపట్టాడు. "అత్తకు తెలుసా" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. కాదంటే కేకలు పెడతాడు, కేకలు పెడితే మళ్లీ కొడతారు. ఊరుకున్నాను. ఊరుకుంటే అవునని అర్థం చేసుకున్నాడు. "అట్లయితే నేనూ నోరు తెరవను మామా" అన్నాడు. నాకు అప్పుడు నిమ్మళంగా అనిపించింది, సిగ్గు లేకుండా రాస్తున్నాను.

ఇప్పుడు నా మాట విను. కేసులో పస లేదు, దుంగలు అతని వ్యానులో దొరకలేదు. కొన్ని వారాలకు బెయిలు వస్తుంది, కేసు కొట్టేస్తారు. ఆ పదకొండు రోజుల గొడవ ఎత్తితే మావాళ్లు పగబట్టి ఇంకో కేసు అంటగడతారు. నా ఉద్యోగం నాలుగేళ్లే ఉంది. నోరు మూసుకుంటే అందరం బతుకుతాం.

నన్ను తిట్టు. తిట్టి ఉత్తరం మాత్రం రాయి.

ఏబెల్

*

పుత్తూరు,
19 నవంబరు 2025

ఏబెల్,

తిట్టను. తిట్టడానికి మాటలు వెతికాను, దొరకలేదు. కంచే చేను మేస్తే అని ఒక సామెత ఉంది, అదీ నీకు సరిపోలేదు. నువ్వు మేయలేదు. మేసేవాళ్లకు తలుపు తీశావు.

నీ ఉత్తరం చదివాక వైద్యశాలకు పోయి నా చాప మీద కూర్చున్నాను. ఇన్నేళ్లలో మగవాళ్ల వైపుకు ఎంతమంది తువ్వాలు కప్పుకుని వచ్చారో, పక్కన జుట్టు కురచగా కత్తిరించుకున్న చుట్టాలు ఎంతమంది నిలబడ్డారో గుర్తుకు వస్తూ ఉంది. "మెట్ల మీంచి పడినాడు" అని చుట్టాలే చెప్పేవాళ్లు. పడినవాడు ఒక్కసారీ చెప్పేవాడు కాదు. మేం కట్టి, దీవించి, పంపించేవాళ్లం. నిన్నంతా ఒక్క ముడీ సరిగా వేయలేకపోయాను.

ములాకత్‌కు పోయాం. జైలు ఇనుప జాలీ అవతల దయానంద్. నేను ముందే ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకుపోయాను, మాట్లాడబోతే ఏడుపు వస్తుందని. "నాకు తెలియదు. మామ ఎవరికో అన్నాడు. తెలిసి ఉంటే ఆ గడప ముందర పడి చచ్చేదాన్ని" అని. దాన్ని చాలాసేపు చదివాడు. తర్వాత విరగని చెయ్యి జాలీకి ఆనించాడు. గ్రేసీ అడిగి అతని మాటలు నాకు మళ్లీ చెప్పింది. "ఆ గుడ్డ సూసినంక, ఇంట్లో అందరూ కలిసి నన్ను ఊరకుండమన్నారు అనుకుంటిని. దెబ్బలు తట్టుకుంటి. అది తట్టుకోలేకపోతి." కుక్కపిల్ల తింటోందా అని అడిగాడు. తింటోందని గ్రేసీ చెప్పింది.

వకీలు బాలచంద్రగారిని పెట్టుకున్నాం. నువ్వు వద్దన్నా పెట్టుకున్నాం. ఆయన చెప్పింది ఇది. పన్నెండుకు ముందే అతను పోలీసుల చేతిలో ఉన్నాడని ఎవరైనా నోటితో చెప్పాలి. హోంగార్డు మునివెంకటప్ప ఊళ్లో లేడట. వకీలుగారు నీ ఉత్తరాలు అడిగారు. వాటిలో కానిస్టేబులు జారిపడ్డాడని ఉంది, చక్రధర్ అని ఉంది. మొన్నటిది ఒక్కటే నిజం. దాన్ని ఇస్తే ఎవరి చేతివ్రాతో తేల్చడానికే ఏళ్లు పడతాయన్నారు. పైగా నేను ఇవ్వను. అక్క ఉత్తరం చూపించి తమ్ముణ్ణి పట్టించిందని లోకం అనుకోకూడదు. నువ్వే రావాలి.

దయానంద్ ఏమంటున్నాడో తెలుసా? "మామను లాగద్దు, ఉద్యోగం పోతాది. నాకు అన్నం పెట్టింది ఆయనొక్కడే" అంటున్నాడు. చెయ్యి విరగ్గొట్టించుకున్నవాడు నీ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడు. నువ్వు కూడా నీ ఉద్యోగం గురించే ఆలోచిస్తున్నావు. మీ ఇద్దరికీ బాగా కుదిరింది.

గ్రేసీ పెళ్లిలో అమ్మాయి చెయ్యి పట్టుకుని చర్చి లోపలికి నడిపించింది నువ్వు. నాన్న లేని బిడ్డ, మేనమామే నాన్న అన్నావు. ఆ చెయ్యి తీసుకుపోయి ఎవరి చేతిలో పెట్టావో ఆ చెయ్యే విరిగింది.

ఇరవై ఆరో తేదీ బుధవారం మళ్లీ కోర్టుకు తెస్తారు. గ్రేసీ, నేను వరండాలో ఉంటాం. రావాలో వద్దో నేను చెప్పను. రాకపోతే ఇక ఉత్తరాలు రాసుకునే పని లేదు.

మరదలికి ఏమీ చెప్పకు, నేనే ఒకరోజు చెప్పుకుంటాను.

కృపామణి

*

తిరుపతి,
29 నవంబరు 2025

అక్కా,

బుధవారం నువ్వు నన్ను చూశావు గానీ నేను చెప్పింది నీకు వినబడలేదు. పెదాలు చూద్దామన్నా నా వీపే నీకు కనబడింది. అందుకే రాస్తున్నాను. నా నోటి నుంచి వచ్చిన మాట వేరేవాళ్ల నోటి ద్వారా నీకు చేరకూడదు.

బాలచంద్రగారు నా పేరు చెప్పగానే పిలిచారు. యూనిఫారంలోనే పోయాను. మీ మరదలు ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఎక్కడికని అడగలేదు, తనకు అంతా చెప్పేశాను ముందు రాత్రి. "అయ్యా, ఈ కట్టు కట్టింది నేను" అన్నాను. "ఎనిమిదో తేదీ సాయంత్రం కట్టినాను. అప్పటికి ఇతను మా కాపలాలో ఉండి చాలా దినాలు. కాగితంలో రాసిన తేదీ అబద్ధం. ఇతను జారిపడలేదు. నేను కాపలా మనిషిని. ఇతని భార్యకు నేను మేనమామను." అంతే అన్నాను. ఇంకా చాలా అనుకుని పోయాను.

జడ్జిగారు రాసుకోవడం ఆపి నన్ను చూశారు. బెదిరింపు ఏమైనా ఉందా అని అడిగారు. ఇప్పటివరకు లేదు, ఇకమీద ఉంటుంది అన్నాను. వెనక ఎవరో నవ్వారు. తర్వాత దయానంద్‌ను అడిగారు. అతను నన్ను చూసి, కట్టు చూసుకుని, "ఆయన సెప్పింది నిజం సార్, నేను సెప్పింది అబద్ధం" అన్నాడు. వెంటనే పెద్దాసుపత్రికి పంపి ఫోటోలు తీయించమని ఉత్తర్వు ఇచ్చారు. అక్కడ కట్టు కోసేశారట. డాక్టరు గుడ్డ చెత్తలో వేయబోతే దయానంద్ అడిగి తీసుకున్నాడట. బెయిలు సోమవారం రావచ్చునంటున్నారు.

గురువారం నాకు సస్పెన్షన్ ఇచ్చారు. నాతో పాతికేళ్లు టీ తాగినవాళ్లు ఎదురుపడితే ఫోనులోకి చూసుకుంటున్నారు. క్వార్టర్సులో మా ఇంటికి నీళ్లు రావడం లేదు, పక్కింటికి వస్తున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాక ఇద్దరు వచ్చారు, మఫ్టీలో. ఒకడికి నేనే ఉద్యోగం నేర్పాను. "అన్నా, పెద్దాఫీసుకు రావాల. రెండు మాటలడిగి పంపిచ్చేస్తాం" అన్నాడు. నోటీసు ఉందా అంటే అక్కడికొస్తే ఇస్తామన్నాడు. చొక్కా వేసుకుంటానని లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. మీ మరదలు తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఏం గాదులే, బువ్వ టయానికి వస్తా" అని తనతో అన్నాను. ఎంతమంది ఆడవాళ్లతో అన్నాను ఆ మాట. వాళ్లంతా తల ఊపి ఇంటికి పోయేవాళ్లు. మీ మరదలు కూడా అలాగే తల ఊపింది, అక్కా.

ఉత్తరం తనకే ఇచ్చి పోతున్నాను, పోస్టులో వేస్తుంది.

నీ తమ్ముడు అని రాసుకోవచ్చో లేదో,
ఏబెల్

*

పుత్తూరు,
1 డిసెంబరు 2025

మరదలికి,

ఈ ఉత్తరం నీకు రాస్తున్నాను, ఏబెల్ ఇంట్లో ఉన్నా లేకున్నా నీ చేతికి అందుతుంది. వైద్యశాలకు వచ్చిన తిరుపతి మనిషి చేత పంపుతున్నాను.

వాడు రాసిన ఉత్తరం ఇప్పుడే చేరింది. శనివారం పోయిన మనిషి ఇంకా రాలేదని నువ్వు గ్రేసీకి ఫోను చేశావట. ఫోను ఎత్తడం లేదట. ఆఫీసులో అడిగితే "ఈడకి రానే లేదు" అన్నారట. నువ్వు ఇంకొక రోజు చూద్దామన్నావట.

చూడొద్దు. నేను ఒకసారి చూశాను. నోరు మూసుకుని, ఫిర్యాదు వద్దని, పెద్దవాళ్లకు తెలుసులే అని చూశాను. ఆ చూస్తున్న రోజుల్లోనే అవతల చెయ్యి విరిగింది.

బాలచంద్రగారికి గ్రేసీ ఫోను చేసింది, ఈరోజే కాగితం పెడుతున్నారు. దయానంద్‌కు బెయిలు వచ్చింది. సాయంత్రం విడుదల. ఇంటికి రానంటున్నాడు, నేరుగా మామ దగ్గరికే వస్తాడట. ఆ చుక్కల గుడ్డ ఉతికించి జేబులో పెట్టుకున్నాడట. ఇంకా పసరు వాసన వస్తోందని గ్రేసీ చెప్పింది.

నువ్వు అన్నం క్యారియర్ కట్టుకుని పెద్దాఫీసు గేటు దగ్గర కూర్చో. నేను నాలుగు గంటల బస్సుకు వస్తున్నాను. లేడు అంటారు. నాకెలాగూ వాళ్ల మాట వినబడదు. నేను వాడి పేరు అడుగుతూనే ఉంటాను, మా నాయన పెట్టిన పేరు, ఏబెల్ అని. నిన్న ఆదివారం చర్చిలో కూడా ఆ పేరే చెప్పాను. వాళ్లు ఇంకొక పేరు చెబితే ఆ మనిషినీ చూపించమని అడుగుతాను. అతను కూడా ఎవరో ఒకరి తమ్ముడే అయి ఉంటాడు.

కట్టుకు కావలసినవన్నీ సంచిలో పెట్టుకున్నాను. అవసరం పడకుండా దేవుడు చూడాలి.

నీ వదిన,
కృపామణి